పన్నెండు సెకన్లు

లాప్‌టాప్ బీరువాలోకి వెళ్ళి మూడు రోజులైంది. తాళంచెవి చంద్రు జేబులో ఉంది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఈ మూడు రోజుల్లో వాళ్ళ మధ్య నడిచిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అన్నం, నీళ్ళు, తలుపు, రైలు. ఆదివారం మధ్యాహ్నానికి ఆ మాటలు కూడా అయిపోయి, పాత మాటలు బయటికొచ్చాయి.

"రేపట్నుంచి మళ్ళా మొదలుపెడతావా?" లోపల్నుంచి చంద్రు గొంతు.

"నువ్వే బీరువాలో పెట్టి తాళమేసినావు కదప్పా. ఇంగ యాడ మొదలుపెట్టేది?" చైత్ర సంగటి కెలుకుతూ ఉంది. కట్టె గిన్నెకు కొట్టుకునే చప్పుడు మాట కంటే గట్టిగా ఉంది.

"ఆఫీసుది నేను ముట్టలేదు. ఇది నీ సొంతానిది. దీంతోనే కదా తంటా అంతా."

రామకృష్ణప్ప వాకిట్లో కుర్చీలో కూర్చుని అంతా వింటున్నాడు. కొడుకు మీద కోపం లేదు. కోడలి మీద ఉంది. మంగళవారం నుంచి ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడే ఉద్దేశమూ లేదు. ఇరవై రెండేళ్ళు గనిలో వైండింగ్ ఇంజను నడిపినవాడు అతను. మనుషుల్ని భూమిలోకి దించి పైకి లాగే ఆ యంత్రం ముందు కూర్చుంటే, గంట మోగేదాకా చెయ్యి కదపకూడదు, నోరు తెరవకూడదు. గని మూతపడినా ఆ అలవాటు పోలేదు.

"పొద్దున ఆరున్నర రైలుకు పోతావు. రాత్రి తొమ్మిదికి వస్తావు. వచ్చినాక ఎవురో ముక్కూమొగం తెలీనోళ్ళకు జవాబు రాసుకుంటా కూర్చుంటావు. జీతమిస్తారా? లేదు. పేరన్నా వస్తాదా? అదీ లేదు. నీకేమన్నా గవర్నమెంటు పోస్టా అది?"

వాకిట్లో రామకృష్ణప్ప తల తిప్పాడు.

ఆ మాట తనది. అక్షరం మారలేదు. కొడుకు ఎప్పుడు విన్నాడో, ఎప్పుడు నోట్లో దాచుకున్నాడో.

గోడకు మేకు, మేకుకు ఇనుప కీ ఒకటి వేలాడుతూ ఉంది. మోచేతి పొడవుంటుంది. నీళ్ళ వాల్వు తిప్పే కీ. వాళ్ళుండే గని కార్మికుల లైన్లో ముప్పై రెండు ఇళ్ళు. వారానికి రెండుసార్లు నీళ్ళొచ్చేవి. వచ్చినప్పుడు రోడ్డు చివర గుంతలో దిగి వాల్వు తిప్పాలి. ముందు పైవరసకు, అర్ధగంట తర్వాత కిందివరసకు. గని మూసేశాక తిప్పే మనిషి రావడం మానేశాడు. అప్పట్నుంచి రామకృష్ణప్ప భార్య గంగమ్మ తిప్పింది. ఆమెను ఎవరూ పెట్టలేదు, ఎవరూ తియ్యలేదు. పంతొమ్మిదేళ్ళు తిప్పింది. పైవరసకు ఎక్కువ వదిలిందని కిందివరస తిట్టింది. కిందివరసలో ఆమెకు చుట్టముందని పైవరస తిట్టింది. జ్వరంతో పడుకుంటే కిటికీ కొట్టి లేపారు.

ఆమె పోయిన మూడో రోజు రామకృష్ణప్ప సమాధి మీద పాలు పోసి ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఇద్దరు నిలబడి ఉన్నారు. పలకరించడానికొచ్చారనుకున్నాడు. కీ అడిగారు.

ఇవ్వలేదు. వాళ్ళు రాబర్ట్‌సన్‌పేటలో కొత్తది చేయించుకున్నారు. రెండేళ్ళయింది. ఆ ఇద్దరూ ఎదురైతే రామకృష్ణప్ప ఇప్పటికీ రోడ్డు దాటి నడుస్తాడు. గంగమ్మను మాటలన్న వాళ్ళందరి పేర్లూ అతనికి గుర్తున్నాయి. ఆ పేర్లలో తనదీ ఉంది. తనను ఏ వరసలో నిలబెట్టాలో తెలియక ఆ ఒక్క పేరు పక్కన పెట్టాడు.

"మంగళవారం సంగతి ఇంగెన్ని రోజులు లాగుతావు?" లోపల చైత్ర గొంతు లేచింది.

"ఎన్ని రోజులైనా లాగుతాను. అమ్మ తిథి అది. ఆకేసి, అందరూ నిలబడుంటే, నువ్వు వంటింట్లో గోడ చాటున కూర్చోని టకటకా కొడతా ఉంటివి. పాయసం అడుగంటింది. నాయన మొగం చూసినావా ఆ పొద్దు?"

"ఒక మనిషి మోటరు ఆగిపోయిందని ఏడ్చినాడు."

"ఎవురో మనిషి!"

"ఎవురో కాదు. మా రాయల్పాడు పక్క మనిషి."

రామకృష్ణప్ప లేచాడు. గడప దాటి లోపలికొచ్చి నిలబడ్డాడు.

"ఎవరది?" అన్నాడు.

ఇద్దరూ తిరిగి చూశారు. ఐదు రోజుల తర్వాత కోడలితో అతని మొదటి మాట అది.

"రాయల్పాడు పక్కన ఎవరు? పేరేమి?"

"పేరు తెలీదు మామా," అంది చైత్ర. కట్టె గిన్నెలోనే వదిలేసి చేతులు తుడుచుకుంది.

"పేరు తెలీనోడు ఏడిస్తే నీకెట్ల వినబడింది?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. చైత్రకు ఆ తేడా తెలిసినట్టుంది. కొంగు దోపుకుని కింద కూర్చుంది.

"మా నాయన బోరు కాడ పెట్టె ఉండాది కదా మామా, మోటరు స్టార్టరు పెట్టె. నువ్వు చూసినావు."

"చూసినాను. మూడు ఫేజులూ వస్తే తానే మోటరు వేస్తాది. ఒక ఫేజు పోతే తానే ఆపుతాది."

"నీళ్ళు అందకపోయినా ఆపుతాది. అదే ముఖ్యం. లోపల నీళ్ళు లేకుండా తిరిగితే మోటరు కాలిపోతాది. అట్ల మా నాయనవి రెండు కాలినాయి. రెండోది కాలిన ఏడాది మామిడి మొక్కలన్నీ ఎండి కట్టెలైపోయినాయి. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నీళ్ళు అందకపోతే పన్నెండు సెకన్లలో ఆపేట్టు ఒక ప్రోగ్రాం రాసినాను."

"పన్నెండే ఎందుకు?"

ఆమె అతని వైపు కొత్తగా చూసింది. ఆరేళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"బోరు కాడ నిలబడి వాచీ పట్టుకుని లెక్కపెట్టినాం మామా, నేనూ నాయనా. మా బోర్లో నీళ్ళుంటే తొమ్మిదికి లోడు పడతాది. మూడు ఎక్కువ పెట్టినాను. పదిహేను దాటితే మోటరు వేడెక్కుతాది."

"సరే. అది మీ నాయన పెట్టె. లోకంతో ఏం పని?"

"అందరికీ పనికొస్తాదని నెట్లో పెట్టినాను. ఓపెన్ సోర్స్ అంటారు. ఎవురైనా సుమ్నే, దుడ్డియ్యకుండా తీసుకోవచ్చు, ఎవురైనా లోపల చూడచ్చు, మార్చుకోవచ్చు. తీసుకున్నారు. పెట్టెలు చేసేవాళ్ళు ఊరూరా ఉండారు. వాళ్ళు నా ప్రోగ్రాం వేసుకుని పెట్టెలు అమ్ముకుంటారు. ఇప్పుడు ఐదు రాష్ట్రాల్లో నడస్తా ఉంది. తప్పొస్తే మాత్రం నన్నడుగుతారు. మెయింటైనర్ నేనే కాబట్టి, దాని బాగోగులు చూసేది నేనే కాబట్టి."

"అమ్ముకునేది వాళ్ళు. అడిగేది నిన్ను."

"తిట్టేది కూడా నన్నే." ఆమె నవ్వింది. ఆ నవ్వు బాగాలేదు. "నాలుగొందల పెట్టెలు అమ్మినాను, సోమవారంలోగా సరిచెయ్యి అని ఒకాయన. చేతకాకపోతే ఎందుకు పెట్టినావు అని ఇంకొకాయన. ఆరేండ్లలో థ్యాంక్స్ చెప్పినోళ్ళు పదకొండు మంది మామా. పేర్లు చెప్పమంటే చెప్తాను."

రామకృష్ణప్ప మేకు వైపు చూడకుండా ఉండటానికి కిటికీ వైపు చూశాడు. కిటికీ అవతల గని వదిలిపోయిన సైనైడు మట్టిదిబ్బ ఎండలో తెల్లగా ఉంది.

"వదిలేసుండచ్చు కదా?" అన్నాడు.

"వదిలేసినాను." చైత్ర గొంతు తగ్గింది. "గురువారం పొద్దునే ఆ పని ఇంకొకరికి ఇచ్చేసినాను. ఈయప్ప బీరువాలో పెట్టింది ఆ తర్వాత. నేను వద్దనలేదు ఎందుకనుకున్నావు?"

చంద్రు గోడకానుకున్నవాడు ముందుకొచ్చాడు. "ఇచ్చేసినావా? ఆ మాట చెప్పనేలేదు!"

"నువ్వు అడగనేలేదు."

"ఎవరికిచ్చినావు?" అన్నాడు రామకృష్ణప్ప.

"పంప్‌మిత్ర అని ఒకరు."

"అది పేరా?"

"పెట్టుకున్న పేరు మామా. నెట్లో అట్లే ఉంటాది."

"అసలు పేరు?"

"తెలీదు."

"యా ఊరు?"

"తెలీదు."

"మొగోడా, ఆడదా?"

"తెలీదు మామా."

రామకృష్ణప్ప పీట లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. మోకాలు టక్కుమంది. అతను పట్టించుకోలేదు.

"నోరు వాసన చూసినావా?"

చంద్రుకు నవ్వొచ్చింది. "నాయనా, కంప్యూటర్లో వాసన యాడొస్తాదప్పా!"

"నువ్వుండు." అతను కోడలినే చూస్తున్నాడు. "షిఫ్ట్ మారేటప్పుడు రిలీవర్ వస్తాడు. రాగానే లేచి సీటివ్వము. వాని మొగం చూడాల. దగ్గరికి పిలిచి నోరు వాసన చూడాల. బోర్డు మీద రాసిందంతా వాని నోటితో చదివించాల. అప్పుడు వాడు లివర్ మీద చెయ్యి పెట్టినాకే మన చెయ్యి తియ్యాల. ఒకసారి ఒకడు తాగొచ్చినాడు. నాకంటే సీనియరు. నేను లెయ్యలేదు. ఇంకో షిఫ్టు నేనే కూర్చున్నాను, పదహారు గంటలు. కింద కేజ్‌లో, ఆ ఇనుప బోనులో, అరవై మంది. వాళ్ళకు నేనెవరో తెలీదు, వాడెవడో తెలీదు. తాడు మాత్రమే తెలుసు."

సంగటి పైన పొర కట్టింది.

"ఎనిమిది నెలలు పక్కనే కూర్చున్నట్టుండాడు మామా," అంది చైత్ర. "చిన్న చిన్న తప్పులు సరిచేసిచ్చినాడు. ఒక్క మాట దురుసుగా అనలేదు. అక్కా అని రాస్తాడు. ఆరోగ్యం చూసుకో అక్కా, నిద్ర పోతా ఉండావా అక్కా అంటాడు. ఎనిమిది నెలల్లో నేను తిన్నానా అని అడిగింది ఆ మనిషొక్కడే."

చంద్రు తల దించుకున్నాడు. రామకృష్ణప్ప దించుకోలేదు గానీ, అతని చెయ్యి మోకాలి మీద ఊరికే కదిలింది.

"సరే," అన్నాడు. "అయినా మంగళవారం దాకా ఇయ్యలేదు కదా. గురువారం ఎందుకిచ్చినావు?"

"అందరూ ఇయ్యమన్నారు. ముగ్గురు నలుగురు నాలుగు నెలలుగా అదే పాట. ఈమె సరిగా చెయ్యదు, పంప్‌మిత్రకిస్తే చేస్తాడు, పన్నెండు సెకన్ల కట్ తీసెయ్యాల, మా లోతు బోర్లకు చాలదు అని. నేను తియ్యనన్నాను. మంగళవారం వచ్చింది చూడు, అది తట్టుకోలేకపోయినాను. మా పక్కూరి మనిషి కదా."

"చదువు."

ఆమె ఫోన్ తీసింది. కొంచెం వెతికింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదివింది.

"'నేను రాయల్పాడు దగ్గర రైతును. నా బోరు కూడా రాయల్పాడు లైను మీదే. ఈ రోజు పొద్దున పదకొండు గంటలకు మోటరు నడుస్తా ఉంటే నీ ప్రోగ్రాం ఆపేసింది. నీళ్ళుండాయి, అయినా ఆపేసింది. నా మామిడి చెట్లు నీవల్ల చస్తా ఉండాయి. చేతకాకపోతే పంప్‌మిత్రకు ఇచ్చి తప్పుకో.'"

"ఈ రోజు అంటే?"

"మంగళవారం. మనం ఆకేసేటప్పుడే."

రామకృష్ణప్ప సంబంధం లేనట్టు, "ఆ పొద్దు మీ నాయన ఆకు ముందర కూర్చోని నిద్రపోయినాడు," అన్నాడు.

చైత్ర మొహం ఎర్రబడింది. "దానికీ దీనికీ ఏమి మామా? ముసలాయన, కూర్చున్న చోట కన్నంటుకునింది. అది కూడా లెక్కలో రాసుకున్నావా?"

"రాసుకున్నాను. గంగమ్మ తిథిలో వియ్యంకుడు గురక పెడితే మరిచిపోతానా? చేతిలో ముద్ద చేతిలోనే ఉండింది."

"నాయనా, చాలించప్పా," అన్నాడు చంద్రు.

"ఎందుకు నిద్రపోయినాడు? అది చెప్పు."

"ఎందుకేమి, రాత్రంతా మేలుకుని..." చైత్ర ఆగింది.

"మేలుకుని?"

"రాత్రి కరెంటు కదా ఆ వారం. పది నుంచి నాలుగు దాకా..." ఆమె చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది.

"నాకూ అదే చెప్పుకున్నాడు మీ నాయన. తప్పయింది బావా, వారమంతా త్రీఫేజు రాత్రిపూటే ఇస్తా ఉండారు, బోరు కాడే పడుకుంటా ఉండాను అన్నాడు. నేను క్షమించలేదు, అది వేరే సంగతి." అతను వంగి ఫోన్ మీద వేలు పెట్టాడు. "అదే లైను మీద, అదే వారం, వీని మోటరు పగలు పదకొండుకు ఎట్ల నడిచింది?"

చంద్రు కూడా ఫోన్ మీదికి వంగాడు.

"జనరేటరు పెట్టుకున్నాడేమో," అన్నాడు చంద్రు. అతనికే నమ్మకం లేదు.

"జనరేటరుంటే కరెంటు కోసం కాచుకునే పెట్టె వానికెందుకురా?"

చైత్ర ఫోన్లో వేగంగా ఏదో జరుపుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి.

"ఈ పేరు మొదలైంది మార్చిలో. ఇయ్యి ఇయ్యి అని అరిచిన ఇంకిద్దరూ... మార్చి. పంప్‌మిత్ర మొదటిసారి రాసింది..." ఆమె తలెత్తింది. "అదే వారం మామా. నలుగురూ ఒకే వారంలో పుట్టినారు."

"నలుగురా, ఒక్కడేనా?"

ఆమె ఫోన్ ఒళ్ళో బోర్లించింది.

"ఒకడే మూడు గొంతులతో తిట్టినాడు," అన్నాడు రామకృష్ణప్ప నెమ్మదిగా. "ఇంకో గొంతుతో తిన్నావా అక్కా అన్నాడు." అతనికి కోపం రాలేదు. అంతకంటే ఎక్కువగా ఆశ్చర్యమేసింది. గనిలో బంగారం దొంగల్ని చూశాడు, తాగుబోతుల్ని చూశాడు. ఎనిమిది నెలలు ఇంత ఓపికగా కాచుకున్న దొంగను చూడలేదు. "ఏం కావాల వానికి? నీ పన్నెండు సెకన్లతో వానికేం పని?"

"తెలీదు."

"మోటర్లు కాలితే ఎవరికి లాభం?"

"మోటర్లమ్మేవాళ్ళకు. చుట్టేవాళ్ళకు. వేరే పెట్టెలు చేసేవాళ్ళకు. ఎవురో తెలీదు మామా. నాకు ముందు లోపల చూడాల." ఆమె చంద్రు వైపు చూసింది. చెయ్యి చాచలేదు. ఊరికే చూసింది.

చంద్రు జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తీశాడు. ఆమె చేతికివ్వలేదు. తానే వెళ్ళి బీరువా తెరిచి, లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టి, తీగ కూడా తానే తగిలించాడు. మూడు రోజుల మౌనానికి అదే అతని జవాబు. ఆమె అందుకుందో లేదో తెలియలేదు.

తెర వెలిగింది. ఆమె వేళ్ళు ఆడాయి. ఆగాయి. మళ్ళీ ఆడాయి.

"ఏమి?"

"నాకు అనుమతి లేదంటా ఉంది."

"నీ ఇంటికి నీకా?"

"పూర్తిగా రాసిచ్చేసినాను మామా. నా పేరు కూడా తీసెయ్యమని నేనే రాసినాను. బేజారయిపోయి, ఇంగ ఎవురూ నా తలుపు కొట్టకూడదని." ఆమె తెర కిందికి జరిపింది. "మార్చేదానికి లేదు. చూసేదానికి మాత్రం ఎవురికైనా ఉండాది. చూస్తాను."

రామకృష్ణప్ప కళ్ళజోడు పెట్టుకుని ఆమె భుజం పక్కనుంచి చూశాడు. ఏమీ అర్థం కాలేదు. అయినా చూస్తూనే ఉన్నాడు. చీమల బారు లాంటి గీతలు కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా ఉన్నాయి.

"నిన్న సాయంత్రం ఐదుకు కొత్త వెర్షన్ వదిలినాడు," అంది చైత్ర. "'చిన్న చిన్న శుభ్రాలు' అని రాసినాడు పైన. ఇది ఊరకే పేరు మార్చింది. ఇదీ ఏమీ లేదు. ఇది..."

వేలు తెర మీద ఆగింది.

"పన్నెండు ఉన్న చోట సున్నా పెట్టినాడు."

"సున్నా అంటే? వెంటనే ఆపుతాదా?"

"ఆపనే ఆపదు మామా. నీళ్ళున్నా లేకపోయినా తిరగతానే ఉంటాది."

చంద్రు మెల్లగా కూర్చున్నాడు. "ఐదు రాష్ట్రాల పెట్టెలకా?"

"అన్నిటికీ ఒకేసారి పోదు. చేసేవాళ్ళు తీసుకుని, చూసి, వాళ్ళ పెట్టెలకు పంపించాల. వారం పడతాది. నేను ఇప్పుడే అందరికీ రాస్తాను, తీసుకోవద్దండి అని. వింటారు. కొందరైనా వింటారు." గబగబా చెప్పుకుంటూ పోతున్నది ఉన్నట్టుండి ఆగిపోయింది. లాప్‌టాప్ మీద నుంచి చేతులు తీసింది.

"ఒక పెట్టెకు మాత్రం తానే పోతాది," అంది.

"ఏ పెట్టెకు?"

"కొత్తది ఏదొచ్చినా మొట్టమొదట మా నాయన పెట్టెకు పోయేట్టు నేనే పెట్టినాను. తప్పు జరిగితే మనింట్లోనే జరగాల, ఊరోళ్ళకు జరగకూడదని."

రామకృష్ణప్ప గోడ గడియారం చూశాడు. ఒంటిగంట నలభై.

"ఈ వారం త్రీఫేజు ఎప్పుడు?"

"ఆదివారం నుంచి మారతాది. ఈ రోజు రెండుకు."

"బోర్లో నీళ్ళు?"

"ఒకో రోజు అందతాయి. ఒకో రోజు అందవు."

చైత్ర తన తండ్రి ఎల్లప్పకు ఫోన్ చేసింది. స్విచాఫ్ అని వచ్చింది. చంద్రు తన ఫోన్ నుంచి చేశాడు. అదే మాట. ఆ పెట్టె ఎల్లప్ప నంబరుకు తప్ప ఇంకెవరి నంబరుకూ వినదు. అది కూడా చైత్ర పెట్టిన కట్టుబాటే. చైత్ర తల్లికి చేసింది. ఆరు రింగుల తర్వాత రామక్క ఎత్తింది.

"నాయన యాడమ్మా?"

"శ్రీనివాసపురం పోయినాడు, మామిడికి మందు కోసం. ఏమి, మాట్లాడినావే ఇన్నాళ్ళకు! తిన్నావా?"

"అమ్మా, ఇప్పుడే బోరు కాడికి పో. పరిగెత్తు. పెట్టెలో ఫ్యూజులు లాగెయ్యాల."

"ఎందుకే? కరెంటొచ్చే టయిమాయె. శుక్రవారం నీళ్ళందక నీ పెట్టె ఆపేసింది. నిన్న లైను రిపేరని కరెంటే లేకపాయె. ఈ పొద్దన్నా పారించకపోతే మొక్కలు..."

"అమ్మా!"

రామకృష్ణప్ప చెయ్యి చాచాడు. చైత్ర ఫోన్ ఇచ్చింది. అతను స్పీకర్లో పెట్టమని సైగ చేశాడు.

"రామక్కా, నేను."

అవతల కొంగు సర్దుకున్న చప్పుడు. "అన్నా! బాగుండావా అన్నా? ఆ పొద్దు ఆయన చేసిన పనికి నేను తలెత్తుకోలేక..."

"అది తర్వాత. ఆయన నిద్రపోయింది మంచిదే అయింది. కాళ్ళకు చెప్పులేసుకో. ఎండుకట్టె ఒకటి తీసుకో. ఫోన్ పెట్టెయ్యకుండా నడువు."

ఆమె నడిచింది. ఫోన్లో గాలి, చెప్పుల చప్పుడు, ఎక్కడో మేక. మధ్యలో ఆమె ఆయాసం. చంద్రు గడియారాన్ని చూస్తున్నాడు. చైత్ర అందరికీ రాయాల్సిన మాట తెరిచి పెట్టుకుంది గానీ ఒక్క అక్షరం పడలేదు.

"వచ్చినానన్నా. పెట్టెకు తాళముండాది. చెవి ఆయన మొలతాడుకు ఉంటాది."

"రాయి తీసుకో."

"తాళం పగలగొట్టమంటావా? ఆయనొచ్చి నన్ను..."

"నా పేరు చెప్పు. తాళాన్నే కొట్టు. పెట్టెను ముట్టద్దు."

"మామా, ఆగు," అంది చైత్ర. అతని ముంజేతిని పట్టుకుంది. కోడలై వచ్చి నాలుగేళ్ళలో ఎప్పుడూ పట్టుకోలేదు. "ఆడ సిగ్నల్ సరిగా ఉండదు. కొత్తది అందిందో లేదో. అందకపోయుంటే పెట్టెలో నా పాతదే ఉండాది. నీళ్ళు లేకుంటే అదే ఆపుతాది. పన్నెండుకు. కరెంటు రాకముందే అమ్మ లాగేస్తే సరి. వచ్చినాక మాత్రం అమ్మ చెయ్యి అందులో..."

"ఇంగ ఎంతసేపుండాది?"

"ఏడు నిమిషాలు," అన్నాడు చంద్రు.

"రామక్కా, కొట్టు."

రాయి ఇనుము మీద పడింది. ఒకసారి. రెండోసారి. "ఇది రాలేదన్నా, పాత కాలం తాళం," అంది రామక్క. మూడోసారి ఎత్తినట్టుంది.

అప్పుడు ఫోన్లో టక్కుమని ఇంకో చప్పుడు వినబడింది. రాయిది కాదు.

"పచ్చ లైటొచ్చింది," అంది రామక్క. "ముందే ఇచ్చేసినారు కరెంటు."

"వెనక్కి జరుగు," అన్నాడు రామకృష్ణప్ప. "పైపులో నీళ్ళు పడతా ఉండాయా?"

"గాలొస్తా ఉంది. నీళ్ళు రాలేదు."

చైత్ర కళ్ళు మూసుకుంది. అతను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళు గంటలు లెక్కపెట్టిన గొంతు, ఎక్కడా తొందరపడలేదు.

"మూడు. నాలుగు. ఐదు."

చంద్రు వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"ఎనిమిది. తొమ్మిది. నీళ్ళు?"

"లేదన్నా."

"పది. పదకొండు."

ఇంట్లో ముగ్గురూ, ఇల్లు దాటి అరవై కిలోమీటర్ల అవతల ఒక ఆడమనిషీ, ఒక చిన్న చప్పుడు కోసం చెవులు పెట్టారు. రెండో టక్కు. మోటరు ఆగిన టక్కు.

"పన్నెండు."

టక్కు లేదు. పైపులో గాలి చప్పుడు మాత్రమే.

చైత్ర వేళ్ళు అతని ముంజేతిలోకి దిగాయి.

"పదమూడు," అన్నాడు రామకృష్ణప్ప.